తాళం తీసినా ఆగని ఇంజిన్

మొన్న ఒక కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. పాత డీజిల్ కారు కొన్నాడట, దానికి టర్బో టైమర్ వేసుకోవాలట. "పెద్దాయనా, కదిరిలో దాన్ని మొదట ఏసింది మీరేనంట గదా, వైర్లు యాడ కలపల్లో చెప్పు" అన్నాడు. నేను చెప్పలేదు. కాఫీ తాగించి, ఎండ ఎక్కకముందే ఇంటికి పొమ్మన్నాను. ముసలోడికి మతి చెడిందనుకుంటూ పోయి ఉంటాడు. అనుకోనీ. ఆ రోజు వాడికి నోటితో చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లలెవరైనా ఉంటే చదవండి. ఇందులో నీతి ఏమిటని మాత్రం నన్ను అడక్కండి. చాలాకాలంగా నేనూ వెతుకుతున్నాను, నాకే దొరకలేదు.

నేను చేసింది బండ్ల కరెంటు పని. సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, హారన్లు, హెడ్‌లైట్లు. ఎలుకలు కొరికిన వైర్లు కలపడంలోనే నా జీవితం సగం గడిచిపోయింది. కదిరిలో బస్టాండు దాటి కొంచెం ముందుకు పోతే రేకుల షెడ్డు ఒకటి ఉండేది. ఆ షెడ్డు మేస్త్రీది. ఇంజిన్ పని ఆయనది, వైర్ల పని నాది. నాకంటే పదేళ్ళు పెద్ద. సాయిబుల ఇంటివాడు, నమాజుకు పోయే వేళ తప్ప షెడ్డు వదిలేవాడు కాదు. విప్పిన బండి మళ్ళీ స్టార్ట్ అయ్యేదాకా ఆయన అన్నం ముట్టడు. ఎన్నోసార్లు మా ఇంటి నుంచి తెచ్చుకున్న సంగటి ఆయన కోసం అట్లే ఉండి గట్టిపడిపోయేది. తిను అన్నా అంటే, "అది తినకుండా పడుండాది, నేనెట్ల తినేది?" అనేవాడు. ఆయన దృష్టిలో డీజిల్ తాగని ఇంజిన్, అన్నం తినని మనిషి ఒకటే.

కథలోకి పోయేముందు మా వైపు బండ్ల సంగతి ఒకటి చెప్పాలి. మా సీమలో హ్యాండ్ బ్రేక్ అన్నది పెళ్ళికొడుకు చేతిలో కత్తిలాంటిది. ఉండాలి కాబట్టి ఉంటుంది, దాంతో ఎవరూ ఏమీ కోయరు. దుమ్ముకు కేబుల్ పట్టేస్తుంది, పట్టేసిన కేబుల్‌ను ఎవరో ఒకరు కోసి పారేస్తారు. మరి బండిని నిలిపేదేమిటంటే, గేరు, రాయి. ఫస్ట్ గేరులో పెట్టి ఇంజిన్ ఆపడం, దిగి చక్రం కింద రాయి పెట్టడం. డ్రైవరు సీటు కింద ఒక రాయి లేని బండి మా షెడ్డుకు వచ్చినట్టు నాకు గుర్తు లేదు. కొందరికి సొంత రాయి ఉండేది, పొరపాటున ఎక్కడైనా మరిచిపోతే దానికోసం వెనక్కి పోయేవాళ్ళు. ఆయుధ పూజ నాడు స్టీరింగుతో పాటు ఆ రాయికీ కుంకుమ పెట్టినవాళ్ళను చూశాను. నవ్వుకునేవాళ్ళం గానీ, ఎవరమూ తప్పని అనలేదు. గేరూ రాయీ కలిస్తే బండి కదలదు మరి.

ఇక ఆ టైమర్ నేను మొదట వేసిన బండి తాలూకు పిల్లవాడి సంగతి. పిల్లవాడని నేనంటున్నాను గానీ ముప్పై దాటినవాడే. తనకల్లు వైపు పల్లె. ఉన్న చేను వానకు చూసుకునే చేను, వాన వాళ్ళ మొహం చూడక చాలాకాలమైంది. బోర్లు వేశారు, దుమ్ము వచ్చింది. చివరికి గొర్రెలు అమ్మి బెంగళూరు నుంచి ఒక పాత డీజిల్ కారు తెచ్చుకున్నాడు. ఏడుగురు పట్టే బండి, టర్బో ఉన్నది, అప్పటికే మూడు చేతులు మారినది. బాడుగలకు తిప్పుదామని తెచ్చాడు. తెచ్చిన కొన్నాళ్ళకే వాళ్ళమ్మకు కిడ్నీలు పోయాయి. వారానికి రెండు సార్లు డయాలసిస్. బాడుగల బండి కాస్తా అమ్మ బండి అయిపోయింది. చుట్టుపక్కల పల్లెల్లో అదే జబ్బు ఉన్నవాళ్ళు ఇంకా ముగ్గురు నలుగురు ఉన్నారు. వాళ్ళు కూడా అందులోనే ఎక్కేవాళ్ళు, అందరూ కలిసి డీజిల్ పోయించేవాళ్ళు.

ఆ అమ్మను నేను మరిచిపోలేను. మనిషి చూస్తే పుల్లలాగా ఉండేది, నోరు మాత్రం సంతంత. డయాలసిస్ అయిపోయాక కొడుకు బండి చూపించడానికి షెడ్డుకు వస్తే, వెనక సీట్లోనే ఒరిగి కూర్చొని మేస్త్రీని ఆటపట్టించేది. మొదటిరోజే ఆయన్ను అన్నా అని పిలిచింది, అందుకని కొడుక్కి ఆయన మామ అయ్యాడు. డాక్టర్లు నీళ్ళు కొలిచి తాగమన్నారట. ఒకరోజు మేస్త్రీ మరిచిపోయి కుండలో నీళ్ళు ముంచి ఇవ్వబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి, "వద్దన్నా. ఇన్నేండ్లూ ఊర్లో నీళ్ళు ల్యాక తాగలేదు, ఇప్పుడు ఉన్నా తాగొద్దంటాండారు. నా నొసట నీళ్ళే రాయలేదు పో" అని నవ్వింది. మేస్త్రీ నవ్వలేదు. ఆ గ్లాసు నీళ్ళు తనూ తాగకుండా మళ్ళీ కుండలో పోసేశాడు.

ఆ బండికి వచ్చిన రోగం టర్బో. పిల్లలకు ఇంత మాత్రం చెప్తాను. టర్బో అంటే ఒక చిన్న చక్రం, ఇంజిన్ పొగతో గిర్రున తిరుగుతూ ఇంజిన్‌కు గాలి తోస్తుంది. ఎర్రగా కాలిపోయే ఆ చక్రాన్ని కాపాడేది పలుచటి నూనె పొర ఒక్కటే. దూరం నుంచి వచ్చిన బండిని వచ్చినట్టే ఆపేస్తే నూనె ఆగిపోతుంది, వేడి ఆగదు. పెనం మీద మిగిలిన నూనెలాగా లోపల మాడి మసి కడుతుంది. అందుకని పాత టర్బో బండ్లను ఆపేముందు రెండు మూడు నిమిషాలు ఊరికే ఆడనివ్వాలి. అంతే, పెద్ద విద్యేమీ కాదు.

ఆ రెండు మూడు నిమిషాలే ఆ పిల్లవాడి దగ్గర లేవు. డయాలసిస్ సెంటరు కాడ మిషన్లు కొన్నే. ముందు వచ్చినవాళ్ళు ముందు ఎక్కుతారు, వెనకబడితే సాయంత్రం దాకా కాచుకోవాలి. కాబట్టి వీడు గేటు దగ్గర బండి ఆపి, తాళం పీకి, అమ్మను చేతుల మీద ఎత్తుకొని లోపలికి పరుగెత్తేవాడు. మిగతావాళ్ళ పేర్లు కూడా వాడే చెప్పేవాడు. ఒక టర్బో అట్లా పోయింది. మేస్త్రీ ఇంకొకటి వేసి, కాసేపు ఆడించి ఆపమని పదిసార్లు చెప్పాడు. తలూపాడు. అదీ పోయింది. రెండోది పోవడం నడిరోడ్డులో, మిట్టమధ్యాహ్నం. నీడ కోసం చూస్తే తుమ్మ చెట్టు కూడా లేని చోట. అమ్మకు ఊపిరి అందలేదు. ఎవరో బస్సు ఆపి ఎక్కించుకున్నారు గానీ, సెంటరు చేరేసరికి ఆలస్యమైంది. ఆ రాత్రి ఆమె బతుకుతుందని ఎవరూ అనుకోలేదట.

మర్నాడు వాడు లారీకి తాడు కట్టించి బండిని షెడ్డుకు లాక్కొచ్చాడు. మేస్త్రీ మొదట తిట్టిన తిట్లు నేను రాయను. అన్నీ విని వాడు నేల వైపు చూస్తూ అన్నాడు. "ఆడ కూసుంటే మిషన్ పోతాది మామా. మిషన్ పోతే అమ్మ పోతాది. ఇంజిన్ కంటే అమ్మ ముఖ్యం గదా నాకు. అట్లని ఇంజిన్ పోతే గూడా అమ్మే పోతాది. నేనేం చేయల్లో నువ్వే చెప్పు." మేము తిట్టడం మానేశాము.

జవాబు వెతికి తెచ్చింది మేస్త్రీనే. బెంగళూరులో పాత సామాన్లు అమ్మే బజారుకు టర్బో కోసం పోయి, దాంతో పాటు అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా ఒకటి తెచ్చాడు. అదే టర్బో టైమర్. దాన్ని తాళం వైర్లకు కలిపితే, తాళం తీసినా ఇంజిన్ ఆగదు. మనం పెట్టినంత సేపు తనంతట తాను ఆడి, తర్వాత తనంతట తాను ఆగుతుంది. డ్రైవరు కూర్చోవలసిన పని లేదు. మేస్త్రీ దాన్ని నా చేతిలో పెట్టినప్పుడు ఆయన మొహం పండగ నాటి మొహం. అన్నేళ్ళలో ఆయన ఒక సామానును చూసి అంత సంతోషపడటం నేనెరుగను.

బిగించిన రోజు చెప్తాను. వైర్లు పెద్ద కష్టం కాదు. మెయిన్ కరెంటు, తాళం, యాక్సెసరీ, ఎర్త్, ఇవి నాలుగూ దొరికాయి. ఐదోది ఒక సన్నని వైరు మిగిలింది. దాని మీద హ్యాండ్ బ్రేక్ బొమ్మ ఉన్న చిన్న చీటీ అంటించి ఉంది. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంటేనే టైమర్ పనిచేస్తుంది, లాగకపోతే తాళం తీయగానే ఇంజిన్ ఆగిపోతుంది. దాన్ని తయారుచేసినవాడు బుద్ధిమంతుడు. ఇంజిన్ ఆడుతూ ఉండాలంటే బండి న్యూట్రల్‌లో ఉండాలి కదా, గేరులో ఉంటే ఎట్లా? న్యూట్రల్‌లో ఉన్న బండిని పట్టుకోవడానికి హ్యాండ్ బ్రేక్ తప్ప ఇంకేముంటుంది? ఆ బుద్ధిమంతుడికి మా సీమ రాళ్ళ సంగతి తెలియదు.

నేను పోయి చూస్తే ఆ బండికి హ్యాండ్ బ్రేక్ పిడి ఉంది, కింద కేబుల్ లేదు. మూడు చేతుల్లో ఎవరి చేతిలోనో పోయింది. ఆ పాత మోడలు కేబుల్ కదిరిలో దొరకదు, బెంగళూరు నుంచి తెప్పించాలి. మేస్త్రీతో చెప్పాను, కేబుల్ వచ్చాక బిగిద్దాం అన్నా అని. ఆయన పిల్లవాడి వైపు చూశాడు. వాడు మర్నాడు పొద్దున్నే అమ్మను తీసుకురావాలి.

"ఈ దేశంలో హ్యాండ్ బ్రేక్ ఎవుడు ఏస్తాడప్పా?" అన్నాడు మేస్త్రీ. "ఆ వైరు బాడీకి కలిపెయ్. రాయి ఉండాది గదా."

కలిపేశాను. బాడీకి కలిపితే, హ్యాండ్ బ్రేక్ ఎప్పుడూ లాగే ఉందని ఆ డబ్బా నమ్ముతుంది. నాకు అందులో ఇబ్బంది ఏమీ అనిపించలేదు, ఎవరికీ అనిపించలేదు. మేస్త్రీ ఆ పిల్లవాడిని కూర్చోబెట్టి, ఒకటో తరగతి పిల్లవాడికి పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఇకమీద గేరులో పెట్టి దిగొద్దు. న్యూట్రల్ చెయ్యి, రాయి పెట్టు, పో. వాడు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాడు. న్యూట్రల్, రాయి, పో.

మర్నాడు డయాలసిస్ అయ్యాక అందరినీ వేసుకొని షెడ్డు ముందుకే వచ్చాడు. బండి ఆపి, తాళం తీసి, దాన్ని గాల్లో ఎత్తి మాకు చూపించాడు. ఇంజిన్ ఆడుతూనే ఉంది. వెనక సీట్లో నుంచి వాళ్ళమ్మ తల బయట పెట్టి, "ఏమన్నా, నా బండికి దెయ్యాన్ని ఎక్కిచ్చినావే" అంది. దెయ్యం కాదు, నిన్ను చూసుకోను కాపలా పెట్టినానని మేస్త్రీ అన్నాడు. కాసేపటికి ఇంజిన్ తనంతట తానే ఆగింది. వెనక కూర్చున్న రోగులందరూ చప్పట్లు కొట్టారు.

చాలా నెలలు బాగా నడిచింది. శనక్కాయ వేసే కాలం వచ్చింది, వాన రాలేదు, వేసినవాళ్ళ విత్తనం మట్టిలోనే పోయింది. ఊర్లన్నీ మళ్ళీ బెంగళూరు బస్సులెక్కాయి. ఏదీ సరిగా జరగని ఆ ఏట, సరిగా జరిగింది ఆ టర్బో ఒక్కటే. దాని సంగతి ఎవరైనా అడిగితే మేస్త్రీ పెద్దగా ఏమీ అనేవాడు కాదు, గడ్డం మాత్రం ఒకసారి నిమురుకునేవాడు. కేబుల్ కోసం బెంగళూరుకు చెప్పి పంపాడు కూడా. దుకాణంవాడు లేదన్నాడు, వచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నాము.

ఆ రోజు ఏం జరిగిందో ఆ పిల్లవాడు తర్వాత చెప్పగా విన్నదే. పొద్దున్నే అమ్మను వెనక సీట్లో పడుకోబెట్టుకొని బయల్దేరాడు. దారిలో ఒక పల్లెలో ముసలాయన్ను ఎక్కించుకోవాలి. ఆ ఇల్లు రోడ్డుకు పైన, మిట్ట మీద ఉంది. కింద, రోడ్డు మలుపులో, వంక. వంక అంటే నీళ్ళు పారేదని అనుకోకండి, బండరాళ్ళు తేలిన లోతైన గండి. ముసలాయన ఇంక నడవలేడు, ఎత్తుకొని రావాలి. వాడు బండి ఆపాడు, న్యూట్రల్ చేశాడు, తాళం తీశాడు, దిగి చక్రం కింద రాయి పెట్టాడు. చెప్పింది చెప్పినట్టే చేశాడు. ఆ నేల గరుసు నేల, కాలు పెడితే జారే సన్న రాళ్ళు. ఆడుతున్న డీజిల్ ఇంజిన్ బండిని వణికిస్తూనే ఉంటుంది. గేరు పట్టుకొని ఉన్నన్నాళ్ళూ రాయి మీద పెద్ద బరువు పడలేదు, ఇప్పుడు బండి బరువంతా దాని మీదే. గరుసు మీద రాయి కొంచెం కొంచెంగా జారింది.

వాడు ముసలాయన్ను ఎత్తుకొని గడప దాటేసరికి బండి కదులుతోంది. ఆయన్ను అరుగు మీద దించి పరుగెత్తాడు. అందుకున్నాడు కూడా. అదే నన్ను చంపుతుంది, వాడు అందుకున్నాడు. డోరు తీసి సగం లోపలికి దూరాడు. అప్పుడు బ్రేకు తొక్కి ఉంటే ఆగేది. ఇంజిన్ ఆడుతోంది కాబట్టి బ్రేకు దివ్యంగా పట్టేది. కానీ వాడి చేతిలో తాళం ఉంది, చెవిలో ఇంజిన్ మోత ఉంది. మోత వినబడుతుంటే, ఇంజినే బండిని లాక్కొని పోతోందని అనుకున్నాడు. తాళం పెట్టి తిప్పి ఆపబోయాడు. ఇంజిన్ ఆగలేదు. ఆగకూడదనే కదా మేము ఆ డబ్బా పెట్టింది. మళ్ళీ తిప్పాడు. అప్పటికి మిట్ట అయిపోయింది. వాడు బయటికి విసిరేసినట్టు పడ్డాడు, బండి ముక్కు కిందికై వంకలోకి దిగింది.

కబురు వచ్చిన వెంటనే నేను, మేస్త్రీ మోటారు సైకిలు మీద పోయాము. మేము పోయేసరికే అంబులెన్స్ వచ్చి, ఇక తనతో పని లేదని ఖాళీగా వెళ్ళిపోయింది. వాళ్ళమ్మను వంక గట్టున, వేపచెట్టు కింద పడుకోబెట్టి ఉన్నారు. మీద ఎవరిదో పైట. రక్తం పెద్దగా లేదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళ ఎముకలు ఎండు పుల్లలు, ఎక్కువ దెబ్బ అక్కర్లేదు. వాడు తల పక్కన కూర్చొని ఉన్నాడు. మోచెయ్యి చీరుకుపోయి ఉంది, చూసుకోలేదు. మేస్త్రీ వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు. వాడు ఆయన్ను చూసి, ఏడవకుండా, ఏదో లెక్క ఒప్పజెప్పేవాడిలాగా చెప్పాడు.

"న్యూట్రల్ చేస్తి మామా. రాయి పెడ్తి. వంకలో పడినాక గూడా అది ఆడతానే ఉండింది. నేను దిగి పోయేటప్పటికి గూడా ఆడతాండాది. ఆ మోతలో అమ్మ మాట్లాడతాందో లేదో నాకు ఇనబడలేదు. అది ఆగినాక చెవి పెట్టి ఇన్నా. అప్పుడు ఏమీ లేదు."

మేస్త్రీ లేచి ఆమె కాళ్ళ వైపు పోయి కూర్చున్నాడు. ఎత్తేదాకా అక్కడి నుంచి లేవలేదు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. పోలీసులు వచ్చి బ్రేకు ఫెయిలని రాసుకొని పోయారు. ఊళ్ళోవాళ్ళు రాయి చిన్నదన్నారు. కొందరు, ఆమె ఆయుష్షు అంతవరకే ఉందన్నారు. నేను అయితే ఒక్కోరోజు కేబుల్ కోసినవాడిని తిట్టుకుంటాను, ఒక్కోరోజు కేబుల్ లేదన్న దుకాణంవాడిని, ఒక్కోరోజు వైరు కలపమన్న ఆయన్ను, కలిపిన నా చేతులను. వాన రాని ఆకాశాన్ని కూడా తిట్టుకున్నాను, చేను పండి ఉంటే వాడు బండి కొనేవాడే కాదని. ఎవరిని తిట్టినా తృప్తి లేదు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది, ఆ మందు మాత్రం మంచిదే. దీన్ని నేనెట్లా అర్థం చేసుకోవాలి?

మందు మంచిదే అని ఎందుకన్నానంటే, కర్మాంతరాలు అయ్యాక వాడు బండిని లారీ మీద షెడ్డుకు తెచ్చాడు. రేడియేటరు, బానెట్, ముందు అద్దం పోయాయి. ఇంజిన్ బాగానే ఉంది. మేస్త్రీ టర్బో విప్పాడు. ఎందుకు విప్పాడో నాకు తెలియదు, దాన్ని విప్పవలసిన పనే లేదు. చక్రాన్ని వేలితో తిప్పి చూశాడు. కొత్తదానిలాగా తిరిగింది. మసి లేదు, అటూ ఇటూ ఊగడం లేదు. అటువంటి టర్బోను మేము మా చేతులతో అంతకుముందు చూడలేదు. ఆయన దాన్ని గుడ్డ మీద పెట్టి చేతులు కడుక్కున్నాడు. మధ్యాహ్నమైంది. బండి ముక్కలు ముక్కలుగా నేల మీద పడి ఉంది. ఆయన ఇంటి నుంచి వచ్చిన డబ్బా తెరిచి అన్నం తిన్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. తిన్నాక డబ్బా కడిగి, సంచిలో పెట్టుకొని, ఇంటికి పోయాడు. మళ్ళీ షెడ్డుకు రాలేదు.

నేను రెండు మూడు సార్లు పోయి పిలిచాను. రా అన్నా, నువ్వు లేకుంటే నాకూ జరుగుబాటు లేదు, అన్నాను. ఆయన కోపగించుకోలేదు. "నన్ను అన్నా అని పిలిచిన మనిషప్పా" అన్నాడు అంతే. ఆ తర్వాత పోయినప్పుడల్లా టీ ఇచ్చి, వాన సంగతి మాట్లాడేవాడు. ఒక్కరోజు కూడా బండ్ల మాట ఎత్తలేదు. రెండేళ్ళకు పోయాడు. జబ్బేమీ లేదు. షెడ్డును వాళ్ళ కొడుకులు మరొకరికి ఇచ్చారు, నేను నా పెట్టె తెచ్చుకొని ఇంట్లో పెట్టుకున్నాను. దాన్ని ఇప్పుడు తెరవడం లేదు.

షెడ్డు ఇంకా ఉండగానే ఆ బండిని బాగుచేసింది నేనే, వేరే మేస్త్రీని పెట్టుకొని. వద్దనిపించింది. కానీ తక్కినవాళ్ళు ఉన్నారు కదా. ఆ ముసలాయన కొడుకు, ఇంకొక ఆమె మొగుడు, రోజు విడిచి రోజు షెడ్డు కాడికి వచ్చి నిలబడేవాళ్ళు. బస్సులో పోతున్నారట, రెండు బస్సులు మారి. నోరు తెరిచి ఏమీ అడిగేవాళ్ళు కాదు, బానెట్ వైపు చూసి పోయేవాళ్ళు. పిల్లవాడు కూడా రోజూ వచ్చేవాడు. నేనే బెంగళూరు పోయి వెతికి హ్యాండ్ బ్రేక్ కేబుల్ తెచ్చాను. రెండు దుకాణాలు తిరిగేసరికి దొరికింది. అంత సులభంగా దొరికినందుకు ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

అన్నీ అయ్యాక నేను టైమర్ వైర్లు కోయడానికి కట్టరు పట్టుకొని డాష్‌బోర్డు కింద దూరాను. వాడు నా భుజం పట్టుకున్నాడు.

"అది ఉండనీ అన్నా."

పిచ్చివాడా, దాన్ని ఎట్లా చూస్తావురా రోజూ అన్నాను.

"అమ్మ కోసం పెట్టిచ్చింది గదా" అన్నాడు. "పని బాగానే చేస్తాండాది. టర్బో అయినా బతకనీ."

కేబుల్ బిగించి, ఆ సన్నని వైరును బాడీ నుంచి విప్పి, హ్యాండ్ బ్రేక్ పిడి కింది స్విచ్చికి కలిపాను. హ్యాండ్ బ్రేక్ లాగాను, తాళం తీశాను, ఆడింది. వదిలాను, ఆగింది. మొదటిరోజే చేయవలసిన పని. సిగరెట్టు తాగేంత సేపు కూడా పట్టలేదు.

కొన్నాళ్ళ తర్వాత మా బంధువు ఒకరికి డయాలసిస్ అవసరమై నేనూ పొద్దున్నే ఆ సెంటరు గేటు కాడ నిలబడ్డాను. వాడి బండి వచ్చింది. గేటు ముందు ఆగింది, వాడు హ్యాండ్ బ్రేక్ లాగడం కనిపించింది, తాళం తీయడం కనిపించింది. దిగలేదు. రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, ముందుకు చూస్తూ కూర్చున్నాడు. ఇంజిన్ ఆడుతోంది. వెనక ముసలాయన, ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళూ కదలకుండా కూర్చున్నారు. వాళ్ళ వెనకే ఒక ఆటో వచ్చి ఆగింది. అందులో నుంచి ఒక రోగిని దించి, పరుగున లోపలికి తీసుకుపోయారు. ఆ తర్వాత మరొక బండి వచ్చింది, అందులోవాళ్ళూ పోయారు. ముసలాయన కిటికీలో నుంచి వాళ్ళు పోవడం చూస్తున్నాడు. నేను పోయి, నువ్వు దిగు నాయనా, బ్రేకు లాగి ఉంది కదా, నేను చూసుకుంటాను, అన్నాను. వాడు నా వైపు తల తిప్పలేదు. వెనక నుంచి ఆ ముసలాయనే మెల్లగా, "ఉండనీప్పా, ఆగుతాది" అన్నాడు.